తీరంలోని రెండు చిన్న విమానాశ్రయాలు: దూరం ఒక్కటే, అంకెలు నాలుగు. గాల్లో ఎంతసేపు పడుతుంది?

తీరంబాట
మొదటి విమానాశ్రయం (అ) 40°00′ ఉత్తర అక్షాంశం మీద ఉంది. రెండోది (ఆ) 41°18′ ఉత్తరం, మొదటిదానికి 1°48′ తూర్పున. రెండూ సముద్రం ఒడ్డునే. మధ్యలో అఖాతం, తిన్నగా వెళితే దాదాపు 40 నాటికల్ మైళ్ళు నీళ్ళ మీదే పోవాలి. దూరం ఒక సైటులో 113, ఇంకోదాంట్లో 130, మూడోదాంట్లో 210. చేత్తో వేస్తే 133 వచ్చింది. సమయమైతే 25 నిమిషాల దగ్గర్నుంచి గంటంపావు దాకా ఎవరికి తోచింది వాళ్ళు రాశారు. నాలుగు సీట్ల ఒంటి ఇంజన్ విమానం, గాల్లో నిజ వేగం (టీఏఎస్) 115 నాట్లు, అంటే గంటకి 115 నాటికల్ మైళ్ళు. ఈ లెక్క ఎలా వేయాలో అడుగడుగునా చెప్పండి. 70 సీట్ల టర్బోప్రాప్‌కి (టర్బైన్ ఇంజన్‌తో ప్రొపెల్లర్ తిప్పే విమానం) ఎంత పడుతుందో కూడా తెలిస్తే బాగుంటుంది.

కొలబద్ద
మీ మొదటి మూడు అంకెలూ ఒకే దూరమండీ. 113 నాటికల్ మైళ్ళు, 130 మామూలు మైళ్ళు, 210 కిలోమీటర్లు. నాటికల్ మైలు సరిగ్గా 1852 మీటర్లు, మామూలు మైలు 1609 మీటర్ల పైచిలుకు. సైటు వాళ్ళు అంకె పక్కన ప్రమాణం రాయకపోవడం వల్ల వచ్చిన తిప్పలివి. 130ని నాటికల్ అనుకుని 115 నాట్లతో భాగించారంటే తొమ్మిది నిమిషాలు ఉత్తపుణ్యానికి ఎక్కువొస్తాయి.

నాలుగోది, మీ 133, అసలు తప్పు. అక్షాంశంలో ఒక నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే ఎక్కడైనా దాదాపు ఒక నాటికల్ మైలే. రేఖాంశం అలా కాదు. భూమధ్యరేఖ మీద ఒక నిమిషం ఒక మైలు (ఇకపై ఉత్త మైలంటే నాటికల్ మైలే), ధ్రువం వైపు పోయేకొద్దీ గీతలు దగ్గరపడతాయి. మీరు 78′నీ 108′నీ అలాగే వర్గం చేసి కలిపారు, అందుకే 133. తూర్పు పడమర తేడాని మధ్య అక్షాంశం కొసైన్‌తో గుణించాలి:

ఉత్తరం వైపు: 78
మధ్య అక్షాంశం 40°39′, దాని కొసైన్ 0.7587
తూర్పు వైపు: 108 × 0.7587 = 81.9
78 వర్గం 6084, 81.9 వర్గం 6708, రెండూ కలిపి వర్గమూలం తీస్తే 113.1

దిశ కూడా ఇందులోంచే వస్తుంది. 81.9ని 78తో భాగించి దానికి ఆర్క్ టాన్ తీస్తే నిజ ఉత్తరం (ఉత్తర ధ్రువం ఉన్న వైపు) నుంచి 046°.

రెక్కలెక్క
ఇంకో తప్పు కూడా తరచుగా దొర్లుతుంది. 41°18′ని క్యాలిక్యులేటర్‌లో 41.18 అని కొడతారు. నిమిషాలు అరవైకి లెక్క, వందకి కాదు. 18′ అంటే 0.30°. ఈ ఒక్క పొరపాటుకే ఉత్తరం వైపు 7 మైళ్ళు మాయమవుతాయి. 1°48′ని 1.48 అని కొడితే తూర్పు వైపు ఇంకో 14 మైళ్ళు పోతాయి. జవాబు మాత్రం చూడ్డానికి బాగానే ఉంటుంది, అదే ప్రమాదం.

ఊరి అక్షాంశ రేఖాంశాలు తీసుకోవద్దు కూడా. తీరప్రాంతపు చిన్న ఎయిర్‌పోర్టు ఊరికి పది మైళ్ళ దూరంలో ఏ ఉప్పునేలల పక్కనో ఉండొచ్చు. అధికారిక ప్రచురణలో ఎయిర్‌పోర్ట్ రెఫరెన్స్ పాయింట్ అని ఉంటుంది, అది తీసుకోండి. అందులో సెకన్ల దాకా ఇస్తారు, ఒక సెకను అక్షాంశం 31 మీటర్లు.

దిక్సూచి
కొలబద్ద గారి పద్ధతి చదునైన కాగితం మీద వేసింది కదా, భూమి గుండ్రం. గ్రేట్ సర్కిల్ (గోళం మీద రెండు చోట్ల మధ్య అతి దగ్గరి దారి) తీయకుండా 113 అని ఎలా తేల్చేస్తారు?

కొలబద్ద
ఇంత చిన్న దూరానికి తేడా రాదు. ఒకే దిశ పట్టుకుని పోయే దారికీ గ్రేట్ సర్కిల్‌కీ పొడవులో తేడా ఇక్కడ మూడు నాలుగు మీటర్లు, అంటే విమానం రెక్క పొడవంత కూడా కాదు. దిశలో తేడా చెరో చివర అర డిగ్రీ పైన. హేవర్‌సైన్ సూత్రంలో (గోళం మీద దూరం కట్టేది) వేసి చూసుకోండి, భూమి వ్యాసార్ధం 6371 కి.మీ. పెడితే 209.6 కి.మీ. దాకా వస్తుంది. అసలు భూమి ఉత్తర దక్షిణాల్లో కాస్త నొక్కుకుపోయినది కాబట్టి గోళం లెక్కలో ఎంత లేదన్నా అర శాతం దాకా తేడా ఉండొచ్చు. ఇక్కడ అది అర మైలు. మీ గాలి అంచనాలో ఉండే తప్పు ముందు అదెంత?

వేల మైళ్ళు, అదీ ధ్రువాలకి దగ్గరి అక్షాంశాల్లో అయితే దిక్సూచి గారి మాట వందకి వంద శాతం ఒప్పు.

గాలికోడి
ఇక సమయం. గాలే లేకపోతే 113 ÷ 115 = 59 నిమిషాలు. కానీ గాలి లేని తీరం ఎక్కడుంది?

ఉదాహరణకి పైన గాలి 350° నుంచి 20 నాట్లు అనుకుందాం. ‘నుంచి’ అన్న మాట గుర్తుంచుకోండి, గాలి దిశ ఎప్పుడూ వచ్చే వైపే చెబుతారు. మీ దారి 046°. రెంటికీ మధ్య కోణం 56°, ఎడమ ముందు నుంచి.

ఎదురుగాలి: 20 × కొసైన్ 56° = 11.2 నాట్లు
అడ్డగాలి: 20 × సైన్ 56° = 16.6 నాట్లు

అడ్డగాలికి కొట్టుకుపోకుండా ముక్కుని ఎడమకి 8° తిప్పాలి (16.6 ÷ 115కి ఆర్క్ సైన్). అలా వంకరగా పోవడంలో వేగం కొంచెం తగ్గి 113.8 అవుతుంది, అందులోంచి 11.2 తీస్తే నేల మీద వేగం 102.6 నాట్లు. సమయం 66 నిమిషాలు. తిరుగు ప్రయాణంలో అదే గాలి వెనక నుంచి తోస్తే 125 నాట్లు, 54 నిమిషాలు.

పోనూ రానూ కలిపితే 120 నిమిషాలు. గాలి లేకపోతే 118. పోయేటప్పుడు పోగొట్టుకున్నది వచ్చేటప్పుడు కలిసొస్తుందని చాలామంది అనుకుంటారు, కలిసిరాదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకు. గాలి నేరుగా ముక్కు మీదే 25 నాట్లు అయితే పోవడానికి 75, రావడానికి 48, మొత్తం దాదాపు 124.

దిశ తిరగేసి వేస్తే 66కి బదులు 54 వస్తుంది. పన్నెండు నిమిషాలు. ఇంధనం లెక్కంతా దాని మీదే కూర్చుంటుంది.

తీరంబాట
విమానాశ్రయం రిపోర్టులో ఇచ్చే గాలినే వాడొచ్చా? రెండు చోట్లా 10 నాట్లే చూపిస్తోంది.

గాలికోడి
వాడకూడదు. ముఖ్యంగా తీరంలో. మధ్యాహ్నానికి నేల వేడెక్కి సముద్ర పవనం మొదలవుతుంది. దాని మందం మామూలుగా వెయ్యి నుంచి మూడు వేల అడుగులు. దానిపైన గాలి వేరే దిక్కు నుంచి, కొన్నిసార్లు సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వీస్తుంది. రన్‌వే మీద గాలిసంచి సముద్రం వైపు నుంచి నిండి ఊగుతుంటే, 7000 అడుగుల్లో మీకు నేల వైపు నుంచి గాలి ఉండొచ్చు. దారిలో గాలికి పైస్థాయి గాలుల ఫోర్‌కాస్ట్ చూడాలి. అది 5000, 10000 అడుగులకి ఇస్తే మధ్యకి మీరే సర్దుకోవాలి.

కింది గాలి అక్కర్లేదని కాదు, అది ల్యాండింగ్‌కి. రన్‌వే తీరం వెంబడే సాగితే సముద్ర పవనం దాదాపు అడ్డంగా కొడుతుంది. రన్‌వేకి 70° కోణంలో 14 నాట్లు వీస్తే అడ్డగాలి 13. చిన్న నాలుగు సీట్ల విమానాల మాన్యువల్‌లో పరీక్షించి చూపిన అడ్డగాలి చాలావరకు 15 నాట్ల దగ్గర ఉంటుంది. సూర్యాస్తమయం దాటాక అదే చోట గాలి చల్లబడి, రాత్రికి నేల వైపు నుంచి భూపవనం. అందుకే ఎప్పుడు దిగుతారన్నది ఎంతసేపు ఎగురుతారన్న దాని కంటే తక్కువ విషయమేం కాదు.

ఇంకో చిన్న మాట. రాతపూర్వక వాతావరణ రిపోర్టుల్లో గాలి నిజ ఉత్తరం నుంచి ఉంటుంది. టవర్ మైకులో చెప్పేది అయస్కాంత ఉత్తరం (దిక్సూచి ముల్లు చూపే వైపు) నుంచి, రన్‌వే నంబరు కూడా దాని ప్రకారమే. రెంటినీ కలిపి కలగాపులగం చేయకండి.

దిక్సూచి
ఆ అయస్కాంతం సంగతి దారికి కూడా వర్తిస్తుంది. ఇప్పటిదాకా వేసినవన్నీ నిజ దిశలు. ముక్కు 038° నిజం. ఆ ప్రాంతంలో అయస్కాంత తేడా (రెండు ఉత్తరాల మధ్య కోణం) 4° పడమర అనుకుంటే కలపాలి, 042°. తూర్పు అయితే తీసేయాలి. ఆ తర్వాత విమానంలోని దిక్సూచికి దాని సొంత తప్పు ఒకటి ఉంటుంది, అద్దం పక్కన అంటించిన చిన్న కార్డు చూసి సరిచేసుకోవాలి. 4° తేడా మర్చిపోతే 113 మైళ్ళ చివర 8 మైళ్ళు పక్కకి తేలతారు. అఖాతం దాటాక తీరం కనిపిస్తుంది గానీ, మీరు అనుకున్న తీరం కాదు.

రెక్కలెక్క
115 నాట్లంటే గాల్లో నిజ వేగం అని గుర్తుంచుకోండి. ముందున్న డయల్‌లో అది కనిపించదు. వెయ్యి అడుగులకి 2 శాతం అనే మోటు లెక్క ప్రకారం 7500 అడుగుల్లో డయల్ 100 చూపిస్తుంటే నిజ వేగం 115.

ఎక్కడానికీ దిగడానికీ పట్టే సమయం ఇంకా ఎవరూ అనలేదు. 6500 అడుగులకి ఎక్కుదాం, సగటున నిమిషానికి 550 అడుగులు...

దిక్సూచి
ఆగండి, 6500 కుదరదు. అయస్కాంత దారి 050°. 000 నుంచి 179 దాకా పోయేవాళ్ళకి విజువల్ ఫ్లయిట్‌లో (బయటికి చూస్తూ నడిపేది) బేసి వేలు, పైన 500. అంటే 5500, 7500 లేదా 9500. తిరిగొచ్చేటప్పుడు సరి వేలు: 6500, 8500. నిర్ణయించేది దారి, ముక్కు తిరిగిన దిశ కాదు.

రెక్కలెక్క
ఒప్పుకున్నా, 7500 చేద్దాం. 550 చొప్పున 13 నుంచి 14 నిమిషాలు. ఎక్కేటప్పుడు వేగం 80 నాట్ల దగ్గర, ఆ సమయంలో 18 మైళ్ళు కవరవుతాయి. ఆ 18 మైళ్ళు క్రూజ్‌లో (ఎత్తు మారకుండా పోయేటప్పుడు) అయితే 9 నిమిషాల పని. కాబట్టి ఎక్కడానికి అదనం 4 నిమిషాలు.

దిగడంలో పెద్ద నష్టం లేదు, కానీ ఎప్పుడు మొదలెట్టాలో ముందే వేసుకోవాలి. సర్క్యూట్ (దిగేముందు రన్‌వే పక్కగా తిరిగే దారి) ఎత్తు 1000 అడుగులు అనుకుంటే 6500 అడుగులు తగ్గాలి. నిమిషానికి 500 చొప్పున 13 నిమిషాలు, నేల మీద వేగం 105 అయితే 23 మైళ్ళు. ఇంకో రెండు మైళ్ళు కలుపుకుని 25 మైళ్ళ ముందు నుంచే కిందికి. ఆలస్యం చేస్తే ఎయిర్‌పోర్టు పైకొచ్చాక చక్కర్లు కొట్టి ఎత్తు తగ్గించుకోవాలి, ఆదా చేసిందంతా అక్కడే ఖర్చు. పవర్ ఒక్కసారిగా మూసేసి దిగితే ఇంజన్ ఒక్కదెబ్బకి చల్లబడుతుంది, అదీ మంచిది కాదు.

సర్క్యూట్‌లో చేరి దిగడానికి 5 నిమిషాలు. మొత్తం 66 + 4 + 5 = 75 నిమిషాలు గాల్లో. ఇంజన్ వేడెక్కించడం, పరీక్షలు, ట్యాక్సీ అన్నీ కలిపి నేల మీద 15. ఇంజన్ తిప్పిన దగ్గర్నుంచి ఆపేదాకా గంటన్నర. మీరు విన్న గంటంపావు మాట గాల్లో ఉన్నంతసేపటికి సరిపోయింది.

బ్లాక్‌టైమ్
70 సీట్ల టర్బోప్రాప్ సంగతి. క్రూజ్ వేగం 270 నాట్లు. 113ని 270తో భాగించి 25 నిమిషాలు అని రాసేది కాకిలెక్క. ఇంత చిన్న దారిలో ఆ విమానం 270 ముఖం చూసేది కాసేపే. గాలి వదిలేసి ముక్కలుగా చూడండి:

12000 అడుగులకి ఎక్కడం: 10 నిమిషాలు, సగటు 180 నాట్లు, 30 మైళ్ళు
క్రూజ్: 37 మైళ్ళు, 255 సగటుతో 9 నిమిషాలు
దిగడం: వెయ్యి అడుగులకి 3 మైళ్ళ చొప్పున 36 మైళ్ళు, 10 నిమిషాలు
చివరి 10 మైళ్ళు, ఫ్లాప్స్, చక్రాలు వేసుకుని నిదానంగా: 4 నుంచి 5 నిమిషాలు

మొత్తం 33. అంటే విమానం 113 మైళ్ళలో మూడో వంతు మాత్రమే అసలు వేగంతో పోతుంది. క్రూజ్ వేగం 20 నాట్లు పెంచినా 40 సెకన్ల కంటే మిగలదు.

సమయాన్ని అటూ ఇటూ చేసేది చివరలే. గాలి మారి రన్‌వే అవతలి చివర నుంచి దిగాల్సి వస్తే ఇంకో 12 నుంచి 15 మైళ్ళు చుట్టు, 5 నిమిషాలు. చాలా చిన్న విమానాశ్రయాల్లో ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్ (పరికరాల సాయంతో దిగే దారి) ఒక వైపే ఉంటుంది. రన్‌వే చివరి దాకా ట్యాక్సీవే ఉండదు, రన్‌వే మీదే వెనక్కి నడిపి చివర తిరిగి నిలబడాలి, దానికి 3 నిమిషాలు. ఆ సమయంలో ఇంకో విమానం దిగడానికి వస్తే అది పైనే తిరుగుతుంటుంది. ఇవన్నీ కలిపి టికెట్ మీద 45 నుంచి 50 నిమిషాలు వేస్తారు. టికెట్ మీద ఉండేది గాల్లో సమయం కాదు, చక్రాల కింద అడ్డుకట్టలు తీసిన క్షణం నుంచి మళ్ళీ పెట్టే క్షణం దాకా.

చాలా సైట్లు గంటకి 500 మామూలు మైళ్ళ స్థిర వేగం పెట్టి అరగంట కలుపుతాయి. ఇక్కడ అలా వేస్తే 46 నిమిషాలొస్తుంది. కరెక్టుగా కనిపించడం కేవలం కాకతాళీయం. అదే అంకెని నాలుగు సీట్ల విమానానికి వాడితే సగానికి సగం తప్పు.

తీరంబాట
అఖాతం మీదుగా తిన్నగా పోవాలా, తీరం వెంబడి పోవాలా? తీరం పట్టుకుని పోతే 138 మైళ్ళు అవుతోంది.

దిక్సూచి
25 మైళ్ళు ఎక్కువ, ఆ గాలికి 14, 15 నిమిషాలు. దానికి మీరు కొనుక్కునేది ఏమిటో చూడండి.

ఇంజన్ ఆగితే ఈ తరహా విమానం వెయ్యి అడుగులకి ఒకటిన్నర మైలు గ్లైడ్ అవుతుంది. 7500 నుంచి 11 మైళ్ళు. 40 మైళ్ళ నీళ్ళలో ఈ ఒడ్డు నుంచి 11, ఆ ఒడ్డు నుంచి 11 తీసేస్తే మధ్యలో 18 మైళ్ళు ఏ ఒడ్డూ అందదు. 102 నాట్ల మీద పదిన్నర నిమిషాలు. 9500కి ఎక్కితే 14 చొప్పున రెండు వైపులా పోయి 12 మైళ్ళు, 7 నిమిషాలు. గాలి లేనప్పటి లెక్కలివి. ఎదురుగాలిలో ముందున్న ఒడ్డు ఇంకా దూరమవుతుంది, వెనకది దగ్గరవుతుంది.

వెనక్కి తిరగాలా ముందుకే పోవాలా అన్న ప్రశ్నకి సగం దారి జవాబు కాదు. సమాన సమయ బిందువు వేసుకోవాలి: దూరం × వెనక్కి వచ్చే వేగం ÷ (ముందుకి వేగం + వెనక్కి వేగం). 113 × 125 ÷ 227.6 = 62 మైళ్ళు. సగం 56.5 అయినా, 62 దాకా వెనక్కి రావడమే త్వరగా అవుతుంది. బిందువు ఎప్పుడూ గాలి వచ్చే వైపుకి జరుగుతుంది. మ్యాప్ మీద ఆ చోట గీత పెట్టి, ఆ గీత దాటే గడియారం సమయం పక్కన రాసుకోండి.

గ్లైడ్ దూరం దాటి నీళ్ళ మీద పోతుంటే ఒంటి ఇంజన్ విమానంలో ప్రతి మనిషికీ లైఫ్ జాకెట్ ఉండాలి. సీటు వెనక సంచిలో మడిచి పెట్టినది లెక్కలోకి రాదనే అనుకోండి. ఇరుకు క్యాబిన్‌లో గ్లైడ్ అవుతూ తొడుక్కోవడం అయ్యే పని కాదు, ఎక్కేముందే వేసుకోవాలి. గాలి మాత్రం బయటికొచ్చాకే నింపాలి. లోపలే నింపుకుంటే నీళ్ళు నిండేటప్పుడు పైకప్పుకి అతుక్కుపోయి తలుపు దాకా మునిగి రాలేరు.

ట్యాంకుచూడు
ఇంధనం సంగతి ఎవరూ ఎత్తలేదు. గంటకి 34 లీటర్లు తాగే ఇంజన్ అనుకుందాం.

నేల మీద: 5
75 నిమిషాలు: 42.5
గాలి తప్పినా దారి తప్పినా 10 శాతం: 4
ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి 20 నిమిషాలు: 11.5
చివరి నిల్వ 45 నిమిషాలు: 25.5

మొత్తం 88.5 లీటర్లు. ప్రయాణానికి అయ్యేది 42, ట్యాంకులో ఉండాల్సింది దానికి రెండింతలు. పగటి విజువల్ ఫ్లయిట్‌కి చాలాచోట్ల 30 నిమిషాల నిల్వ చాలంటారు, నిబంధన అంతే. కానీ 8.5 లీటర్ల బరువు ఆరు కిలోలు. ఆ ఆరు కిలోలు మిగుల్చుకుని బావుకునేదేం లేదు.

చిన్న విమానాశ్రయాల్లో పంపు ఉన్నా పని చేస్తుందని నమ్మకం లేదు. ముందే ఫోన్ చేసి అడగాలి, వేళలు కూడా. లేదంటే రాకపోకలకి కలిపి నింపుకోవాలి: పైదానికి తిరుగు ప్రయాణం 63 నిమిషాలకి 36, మళ్ళీ నేల మీద 5, దాని 10 శాతం 4. దాదాపు 134 లీటర్లు, లీటరుకి 0.72 చొప్పున 96 కిలోలు. నలుగురూ ఎక్కి సామాను కూడా పెడితే బరువు పరిమితి దాటొచ్చు, అప్పుడు తగ్గాల్సింది సామాను గానీ పెట్రోలు కాదు.

తీరంబాట
ప్రత్యామ్నాయానికి (ఆ)కి 12 మైళ్ళ దూరంలో అదే తీరంలో ఇంకోటి ఉంది. అది పెట్టుకుంటే ఇంకా తక్కువ పెట్రోలు సరిపోతుంది కదా?

గాలికోడి
పొగమంచు వచ్చిందంటే రెంటినీ ఒకేసారి మూసేస్తుంది. సముద్రపు పొగమంచు తెల్లవారుజామున నేల మీద పట్టే మంచు లాంటిది కాదు. వెచ్చటి తేమ గాలి చల్లటి నీటి మీదుగా వస్తూ చల్లబడి పట్టేది. గాలి వీస్తున్నా పోదు. ఎండెక్కితే నేల మీద కరిగినా, సముద్ర పవనం వెనక నుంచి కొత్తది మోసుకొస్తూనే ఉంటుంది. పదుల మైళ్ళ తీరం ఒక్క దుప్పటి కింద ఉంటుంది. అందుకే ట్యాంకుచూడు గారు 20 నిమిషాలు వేశారు: లోపలికి, నేల వైపు 35 మైళ్ళలో ఉన్నది పెట్టుకోండి.

బయల్దేరేముందు ఉష్ణోగ్రతకీ మంచు బిందువుకీ (డ్యూ పాయింట్, గాలిలో తేమ నీటిబొట్లుగా మారే ఉష్ణోగ్రత) తేడా చూడండి. 5 డిగ్రీలుంటే ఫర్వాలేదు. 2 కంటే తగ్గి, గాలి సముద్రం వైపు నుంచి ఉంటే, రిపోర్టులో ఆకాశం నిర్మలమని రాసున్నా నమ్మొద్దు. గంటకోసారి వచ్చే మూడు రిపోర్టులు వరసగా పెట్టి, ఆ తేడా తగ్గుతోందా పెరుగుతోందా అన్నది చూడాలి. ఒక్క రిపోర్టుతో ఏమీ తెలియదు.

తీరంబాట
సరి చేసుకున్నది ఇది: 113 నాటికల్ మైళ్ళు, 046° నిజం. పోయేటప్పుడు 9500, గాల్లో 75 నిమిషాలు, ట్యాంకులో 134 లీటర్లు, ప్రత్యామ్నాయం లోపలిది. తిరిగొచ్చేటప్పుడు 8500, 63 నిమిషాలు. సాయంత్రం నాలుగింటికి తిరుగు ప్రయాణం.

రెక్కలెక్క
9500కి మార్చారు కదా, 75 పాతబడింది. ఇంకో 2000 అడుగులు ఎక్కడానికి నాలుగైదు నిమిషాలు పడుతుంది. అందులో అదనం రెండు నిమిషాల లోపే, కానీ దిగడం 31, 32 మైళ్ళ ముందు మొదలవ్వాలి. అక్కడి గాలి కూడా మళ్ళీ తీసుకోవాలి, పైన 20కి బదులు 28 ఉంటే అఖాతం మీద మిగిల్చిన నిమిషాలు అక్కడే పోతాయి.

గాలికోడి
తిరుగు ప్రయాణానికి వేసిన 63 పోయేటప్పటి గాలితోనే వేసింది. నాలుగింటికి ఆ గాలి ఉండదు. సాయంత్రం ఫోర్‌కాస్ట్‌తో ఆ గాలి లెక్క మళ్ళీ వేయండి, సమాన సమయ బిందువు కూడా. ‘నాలుగు’ అని రాసిన చోట యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన గడియారం) రాయండి, ఫోర్‌కాస్టులన్నీ అందులోనే ఉంటాయి.